ఇమోజెన్ దగ్గరున్న ఉత్తరం

ఇంటిల్లిపాది బట్టలూ ఉతికిన కార్లీ ఆ ఒక్క తెల్ల టాప్‌ని మాత్రం ముట్టుకోలేదు. దాని మీద పోయిన శుక్రవారం టీవీ రియాలిటీ షో కోసం తీసిన జగడంలో ఒలికిన కాఫీ మరక ఉంది. అదే జగడంలో మిగతా సగం ఈ శుక్రవారం తీస్తారు గనక మరక అలాగే ఉండాలని ప్రొడ్యూసర్ ఇమోజెన్ రెండుసార్లు మెసేజ్ పెట్టింది. మొగుడు డీన్ చొక్కాలు ఎనిమిది ఇస్త్రీ చెయ్యమని ఎవరూ మెసేజ్ పెట్టలేదు. అది కార్లీకి తెలిసిన పనే కదా.

పదకొండేళ్ళుగా ఇంతే. లండన్ పక్కన బ్రెంట్‌వుడ్‌లో ఆడవాళ్ళ గోళ్ళకు రంగులేసే పంతొమ్మిదేళ్ళ పిల్లని ఆ షో దేశమంతటికీ ఏడ్చే పిల్లగా పరిచయం చేసింది. ప్రేమ, పెళ్ళి, నిలవని గర్భం, అన్నీ కెమెరా ముందే. నియమం ఒకటే: ముఖ్యమైన మాటేదీ ఇంట్లో మాట్లాడేసుకోకూడదు, షూటింగ్ దాకా దాచాలి. మొదట్లో దాచడం కష్టంగా ఉండేది. ఇప్పుడు, దాచినది బయటికి తీసేసరికి అది తనదో కాదో ఆమెకే తెలియడం లేదు. మొన్న సూపర్‌మార్కెట్లో ఎవరో కాలు తొక్కితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే వెలుతురు ఎటునుంచి పడుతోందో చూసుకుంది. "ఏడిస్తే డబ్బులిచ్చే ఉద్యోగం నీది. ఇంకా ఆ మొహమేంటమ్మాయ్?" అంటుంది అత్తగారు మోరీన్, కార్లీ వండిన ఆదివారపు రోస్ట్ మాంసం రెండోసారి వడ్డించుకుంటూ. "ఇంట్లో కూడా నిన్ను భరిస్తున్నాడు చూడు, మావాణ్ణి మెచ్చుకోవాలి."

రొమ్ములో గడ్డకి పరీక్ష చేయించుకుని రెండు వారాలైంది. మంగళవారం నుంచి డీన్ చూపు తప్పిస్తున్నాడు. బుధవారం పొద్దున ఇస్త్రీ చేస్తూనే అడిగింది.

"ఆస్పత్రి ఉత్తరం వచ్చిందా?"

"వచ్చింది. ఇమోజెన్‌కిచ్చాను."

"నా ఉత్తరం ఆవిడకెందుకు?"

"విప్పలేదులే, ఒట్టు. శుక్రవారం కేఫ్‌లో షూటింగప్పుడు నేనే నీ చేతికిస్తా. ఇప్పుడే చూసేస్తే అప్పుడు నీ మొహంలో ఏమీ పలకదు. నీకు తెలీందేముంది?"

అతను స్నానానికి పైకి వెళ్ళాడు. కార్లీ ఇస్త్రీపెట్టె ఆపి ఆస్పత్రికి ఫోన్ చేసింది. పేరు, పుట్టినతేదీ, ఇంటి చిరునామా అడిగి నర్సు కాసేపు వెతికింది. "ఏమీ లేదమ్మా, ఉత్త నీటిబుడగ. ఉత్తరం అందలేదా?"

వంటింటి నేల మీద కూలబడి ఏడ్చింది. ముక్కు కారింది, నోరు వంకరపోయింది, గొంతులోంచి పశువు అరుపులాంటిదేదో వచ్చింది. ఎవరికీ చూపించడానికి పనికిరాని ఏడుపు. ఇది నాదే, అనుకుంది.

తడి జుట్టుతో డీన్ మెట్లు దిగుతూ ఆగాడు. "అప్పుడే ఏడ్చేస్తున్నావా? శుక్రవారానికి కాస్త ఉంచుకో."

ఎగతాళి కాదు. గొడుగు తీసుకెళ్ళమని గుర్తుచేసినంత మామూలుగా అన్నాడు. తర్వాత ఆమె చేతిలో ఫోన్ చూశాడు.

"ఎవరికి చేశావ్?"

"ఆస్పత్రికి."

మెట్టు మీదే చతికిలబడ్డాడు. "ఏమన్నారు? కార్లీ... ఏమన్నారు?"

గొంతు వణికింది. ఇన్నేళ్ళలో ఏ కెమెరా ముందూ అతని గొంతు అలా వణకలేదు. చెప్పేద్దామని ఆమెకు నోటిదాకా వచ్చింది.

"శుక్రవారం ఉత్తరం నువ్వే విప్పు," అంది. "నేను రావడం లేదు. ఈసారి కెమెరాలో నీ మొహం తీసుకోమను."