మెల్బత్త గొడుగు

చొంతదూరో అనే తాటిజాతి పళ్ళు ఉడికాయో లేదో చూడ్డానికి మెల్బా గరిటె వాడదు. మూత తీసి వాసన చూస్తుంది. ఉప్పునీళ్ళలోంచి పచ్చి వాసన పోయి, ఉడికిన చిలగడదుంప లాంటి కమ్మదనం రాగానే పొయ్యి కట్టేస్తుంది. ఆ రోజూ అలాగే కట్టేసి, ఆవిరికి తడిసిన మొహం తుడుచుకుని, నారింజరంగు పళ్ళని ఒక్కొక్కటే అల్యూమినియం బేసినులో పేర్చింది. పక్కన తేనె సీసా, ఉప్పు డబ్బా పెట్టింది.

అరవై దాటిన మనిషి. నిగనిగలాడే నల్లటి ఒళ్ళు, తలకి బిగించి కట్టిన పసుపు గుడ్డ. ముందు పళ్ళ మధ్య సందు ఉండడం వల్ల నవ్వినప్పుడల్లా ముందు గాలి, వెనక నవ్వు వస్తాయి. మనిషి దిట్టమే గాని కుడి మోకాలు మాత్రం ఆమెతో ఎప్పుడో తెగతెంపులు చేసుకుంది. మెట్లు దిగేటప్పుడు దాన్ని బతిమాలుకోవాలి, ఎక్కేటప్పుడు తిట్టాలి.

మునిసిపాలిటీ వాళ్ళిచ్చిన నీలం కోటు తలుపు వెనక వేలాడుతోంది. కుర్రాళ్ళ మధ్య తగవులు తీర్చే మనిషి అని దాని వీపు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. నెలనెలా జీతమిస్తారు, నెలకోసారి మీటింగు పెట్టి కాఫీ ఇస్తారు. కాఫీ బాగుంటుందని మెల్బా ఒక్క మీటింగూ మానలేదు. కోటు మాత్రం ఉక్కపోతకి వేసుకోదు. వేసుకున్నా కాలీ నగరం పడమటి కొండ మీద దాన్ని ఎవరూ గుర్తుపట్టరు. అందరికీ తెలిసింది ఆమె గొడుగే.

ముగ్గురు పట్టే ఎర్ర గొడుగు అది. ఒక ఊచ విరిగితే గాలపు దారంతో కట్టింది. చాలా ఏళ్ళ కిందట, ఒక జడివానలో ఆమె మెట్లదారిలో ఆ గొడుగు కింద పళ్ళు అమ్ముతుంటే, పైవీధి కుర్రాడొకడు పరిగెత్తుకుంటూ వచ్చి దాని కింద దూరాడు. తరుముకొచ్చిన వాళ్ళలో ఒకడి తల్లి అప్పటికే అక్కడ నిలబడి పండు తింటోంది. "వాన వెలిసేదాకా ఇక్కడ ఎవరూ ఎవర్నీ ముట్టుకోవద్దు" అంది మెల్బా. ఆ తల్లి కూడా నోటినిండా పండుతో తలాడించింది. వాన సాయంత్రం దాకా కురిసింది. అంతసేపు ఆగేసరికి అందరికీ కోపం కంటే ఆకలి ఎక్కువైంది. ఆ వాన వెలిసినా మాట నిలిచిపోయింది. అప్పటినుంచి మెల్బా గొడుగు కింద నడిచేవాణ్ణి ఎవరూ తాకరు. ఆసుపత్రికీ, పరీక్షకీ, అమ్మమ్మ చావుకీ ఎందరినో ఆమె ఆ నీడలో దాటించింది.

దాటాల్సింది ఒక మెట్టు. మెట్లదారి మధ్యలో ఎవరో ఎప్పుడో పసుపు రంగు వేశారు. దానికి పైన పైవీధి, కింద కిందివీధి. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు, కుక్కలు ఎటైనా తిరగొచ్చు. మీసం మొలిచిన మగపిల్లలు మాత్రం తమ వైపునే ఉండాలి. కొండెక్కే అద్దె జీపులో పోదామన్నా అది కిందివీధి మూల మీదే ఆగుతుంది.

ఫోనులో అక్క ప్రిమితీవా తన గొంతు రికార్డు చేసి పంపింది. ఆవిడ గ్వాపీలో, ఏటి ఒడ్డున ఉంటుంది. బస్సులో రేవుదాకా పోయి, అక్కణ్ణుంచి సముద్రం మీద పడవలో పోవాలి.

"ఒసే మెల్బా, ఆ పళ్ళు మన ఏటి పక్కన కాసి రాలిపోతుంటే, నువ్వక్కడ కొనుక్కుని అమ్ముకుంటున్నావా? సరేగాని, నాకు కళ్ళు మసకలొచ్చేశాయి. నిన్న కోడిపెట్టని పిల్లి అనుకుని అదిలించాను. పూర్తిగా పోకముందే వచ్చి నీ మొహం చూపించి పో. తర్వాత వచ్చినా తడుముకోవడమే."

మెల్బా నవ్వి, దాన్ని మళ్ళీ ఒకసారి వింది. ప్రతి ఏడూ వస్తాననే చెబుతోంది. ప్రతి ఏడూ ఎవడో ఒకడు అడ్డం పడుతున్నాడు. తను లేని రోజుల్లో గొడుగు ఎవరు పట్టుకుంటారు? "ఈ ఒక్కణ్ణీ పనిలో పడేసి వస్తానక్కా" అని జవాబు పంపి, గొడుగు మేకు మీంచి తీసింది.

ఆ ఒక్కడి పేరు దువాన్. పంతొమ్మిదేళ్ళవాడు. రెండేళ్ళ కిందట ఫుట్‌బాల్ ఆటలో కిందివీధి జైదర్ నుదురు సీసాతో పగలగొట్టాడు. అప్పటినుంచి పసుపు మెట్టు దిగలేదు. పైవీధి మూల మీద మోటారు సైకిళ్ళ వాళ్ళు వాడికో పని చూపిస్తామని తిరుగుతున్నారు. ఆ పనిలో చేరినవాడు ఎక్కువ పుట్టినరోజులు చేసుకోడని కొండంతా ఎరుగును. కొండ కింద రొట్టెల కొట్టు ఒవీదియో కాళ్ళావేళ్ళా పడి మెల్బా వాడికి ఉద్యోగం ఇప్పించింది. ఇవాళ మధ్యాహ్నం చేరాలి. మొదటిరోజే ఆలస్యమైతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానని ఒవీదియో ముందే చెప్పాడు.

దువాన్ తల నున్నగా దువ్వుకుని, తెల్ల చొక్కా వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. వాలకం పెళ్ళికొడుకుది, మొహం మాత్రం పెళ్ళి తప్పిపోయినవాడిది.

"గొడుగు కింద నేను రాను మెల్బత్తా."

"ఏం, రంగు నచ్చలేదా?"

"గొడుగు కింద దూరి పోతే కిందోళ్ళు జన్మంతా నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వితే కుట్లు పడవుగా. ఆ సంచి ఇలా ఇయ్యి."

సంచిలో కొత్త ఏప్రను మడత పెట్టి ఉంది. మడత లోపల చాకు. మెల్బా తిట్టలేదు. బొటనవేలితో పదును చూసింది.

"బాగుంది. నాది మొద్దుబారిపోయింది. ఇవాళ్టికి ఇది నాకుండనీ, పళ్ళు వలుచుకుంటాను."

"అది పళ్ళకి కాదత్తా."

"తెలుసు. అందుకే పళ్ళకి వాడదాం. లే, బేసిను నెత్తిన పెట్టుకో."

బేసిను మోయించడం ఆమె పద్ధతి. రెండు చేతులా బేసిను పట్టుకున్నవాడు ఎవర్నీ కొట్టలేడు. వాణ్ణి కొట్టబోయేవాడికీ పళ్ళు దొర్లిపోతాయన్న జాలి కలుగుతుంది. దువాన్ బేసినుతో, మెల్బా గొడుగుతో మెట్లు దిగడం మొదలుపెట్టారు. ఎండ మండిపోతోంది. ఇళ్ళ ముందు ఆరేసిన బట్టలు మొహాలకి తగులుతున్నాయి. మోకాలు మొదట సణిగింది, తర్వాత అరిచింది. పసుపు మెట్టు దగ్గరకి వచ్చేసరికి ఒక్కసారిగా లోపల ఏదో జారింది. మెల్బా ఆ మెట్టు మీదే కూలబడిపోయింది. గొడుగు మాత్రం చేతిలో నిటారుగానే ఉంది.

కింది మెట్ల మీద జైదర్, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు పచ్చీసు లాంటి ఆట ఆడుతున్నారు. ముగ్గురూ లేచి నిలబడ్డారు. జైదర్ సన్నగా, పొడుగ్గా ఉంటాడు. కనుబొమ్మ మీద మచ్చ మెరుస్తోంది.

"ఏమైందత్తా?"

"మోకాలు రాజీనామా ఇచ్చిందిరా."

లేపబోయారు. కాలు నేల మీద ఆనడం లేదు. దువాన్ బేసిను దించి, గొడుగు అంచు దాటకుండా ఆమె పక్కనే బిగుసుకుని నిలబడ్డాడు.

"ఇంటికి పోదాం అత్తా. రేపు వెళ్తాలే."

ఈ పనికి రేపు అనేది లేదని మెల్బాకి తెలుసు. ఇప్పుడు పైకెక్కితే వీడు నేరుగా మోటారు సైకిళ్ళ దగ్గరకే ఎక్కుతాడు. కాలి నొప్పి కంటే ఆ ఆలోచనే ఆమెని ఎక్కువ బాధపెట్టింది. గొడుగు జైదర్ వైపు చాచింది.

"నువ్వు తీసుకెళ్ళు వీణ్ణి. ఒవీదియో కొట్టు దాకా."

"నేనా?" జైదర్ ఒకడుగు వెనక్కి వేశాడు. "వీడికి నేను గొడుగు పట్టాలా? వీడు నా తల పగలగొట్టాడు అత్తా."

"తెలీదా నాకు? నిన్ను కుట్లకి తీసుకెళ్ళింది ఎవరు?"

"నువ్వే."

"ఆ రోజు నీ నెత్తురంతా నా గౌనుకి అంటింది. నేనేమైనా అన్నానా? ఇప్పుడు నా గొడుగు నీ చేతికి అంటితే అరిగిపోతావా?"

జైదర్ కనుబొమ్మ మీది మచ్చ తడుముకున్నాడు. స్నేహితులిద్దరూ వాడి మొహం చూస్తున్నారు. దువాన్ తన చెప్పుల వైపు చూసుకుంటూ గొణిగాడు.

"సీసా... అది పగిలిన వైపని నేను చూసుకోలేదు."

"పగలని వైపైతే ముద్దుపెట్టుకున్నట్టు ఉండేదా?" అన్నాడు జైదర్.

స్నేహితుల్లో ఒకడు ఫక్కున నవ్వేశాడు. మెల్బా పళ్ళ సందులోంచి కూడా గాలి వచ్చింది. నవ్వకుండా ఉండాలని జైదర్ శతవిధాల ప్రయత్నించాడు గాని పెదవి మాట వినలేదు. విసురుగా గొడుగు లాక్కున్నాడు.

"దగ్గరికి రాకు. చెమట కంపు."

"నువ్వే వంకరగా పట్టావు, ఎండంతా నా మీదే పడుతోంది."

ఇద్దరూ అలా కీచులాడుకుంటూనే దిగారు. కిటికీల్లోంచి, గుమ్మాల్లోంచి ఆడవాళ్ళు చూశారు. ఎవరో ఈల వేశారు. మలుపు దగ్గర ఎర్ర గొడుగు ఒక్కసారి అటూ ఇటూ ఊగి, గోడ వెనక్కి పోయింది.

మిగిలిన ఇద్దరూ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి మెల్బాని కూర్చోబెట్టారు. ఒకడు ఐసు తెచ్చి మోకాలికి కట్టాడు, ఇంకొకడు వాళ్ళమ్మ చేత బెల్లం నీళ్ళు పంపించాడు. మెల్బా దువాన్ చాకుతో పళ్ళు వలిచి, ఉప్పూ తేనే వేసి వాళ్ళకి పెట్టింది. ఆటలో కూర్చుని ఇద్దర్నీ ఓడించింది కూడా. కానీ చెయ్యి పాచికలేస్తున్నా కన్ను మలుపు మీదే ఉంది. కొట్టుకి పోయి రావడానికి ఎంతసేపు? గొడుగు రాలేదు. జైదర్ రాలేదు. మలుపు అవతల ఏం జరిగుంటుంది? తనేగా ఇద్దర్నీ ఒక నీడలోకి తోసింది. పైకి మాత్రం "నీ వంతురా, నిద్రపోతున్నావా" అంటూ ఉంది.

సాయంత్రం పడమటి గాలి కొండ దిగింది. ఆరేసిన బట్టలన్నీ ఒకేసారి లేచాయి. ఆ గాలితో పాటే మలుపు దగ్గర మాటలు వినిపించాయి.

"అది గోల్ కాదురా, చేత్తో తోశాడు."

"నీ కళ్ళకేం కనపడుతుందిలే, పిండి పడింది."

దువాన్, జైదర్ పక్కపక్కన నడిచి వస్తున్నారు. ఇద్దరి జుట్టూ ముసలాళ్ళ జుట్టులా తెల్లగా ఉంది. దువాన్ చేతిలో వేడి రొట్టెల సంచి. గొడుగు పట్టుకొచ్చినవాణ్ణి కూడా పనివాడే అనుకుని ఒవీదియో జైదర్ చేత పిండి బస్తాలు మోయించాడట. కాదని చెప్పేలోపు సగం బండి దింపేశాడు. మిగతా సగం మధ్యలో ఎలా వదిలేస్తాం అని అదీ దింపాడు. ఒవీదియో వాణ్ణి రేపు కూడా రమ్మన్నాడట.

మెల్బాకి కళ్ళు చెమర్చాయి. "ఆకలేస్తోంది, ముందు ఇంటికి చేర్చండి" అంది.

కుర్చీతో సహా ఎత్తారు. దువాన్ ముందు, జైదర్ వెనక. "ఎంత తింటావత్తా" అని ఒకడు, "బరువంతా నా వైపే వదిలావు" అని ఇంకొకడు. పసుపు మెట్టు దాటారు. పైవీధి మెట్లన్నీ ఎక్కారు. గుమ్మం ముందు దించాక, అలవాటుగా మెల్బా మేకు వైపు చూసింది.

"గొడుగేదిరా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొట్టులో మర్చిపోయారు. కిందివీధి అంతా అది లేకుండానే నడిచొచ్చారు. జైదర్ ఒక్కసారిగా చుట్టూ చూశాడు. తను నిలబడింది పైవీధిలో, నెత్తి మీద ఆకాశం తప్ప ఏమీ లేదు. ఎదురు పిట్టగోడ మీద కూర్చున్న నలుగురు పైవీధి కుర్రాళ్ళు మాటలాపి వాణ్ణే చూస్తున్నారు.

వాళ్ళలో పెద్దవాడు గోడ దిగి వచ్చాడు. జైదర్‌ని కింది నుంచి పైదాకా చూశాడు. తర్వాత కుర్చీకేసి చూశాడు.

"అత్తకేమైంది?"

"మోకాలు" అన్నాడు జైదర్.

"మరి గుమ్మంలో వదిలేస్తారేంట్రా. లోపలికి పట్టండి." అంటూ కుర్చీ ఒక కాలు వాడే పట్టుకున్నాడు.

రొట్టెలు అందరికీ సరిపోలేదు, విరుచుకుని తిన్నారు. చీకటి పడకముందే దువాన్ జైదర్ని పసుపు మెట్టు దాకా దిగబెట్టి వచ్చాడు. మెల్బా మంచం మీద కాలు చాపుకుని ఫోను తీసింది.

"అక్కా, కోళ్ళని సరిగ్గా చూసుకో. వస్తున్నాను."

వాపు తగ్గిన వారంలో ఆమె వెళ్ళిపోయింది. పెట్టె ఒకడు, కుర్చీ ఇద్దరు మోసి రేవు బస్సెక్కించారు. చాకు దువాన్ చేతిలో పెట్టి, పళ్ళకే సుమా అంది. తిరిగొస్తావా అని వాళ్ళడగలేదు, ఆమె కూడా చెప్పలేదు. బస్సు కదిలాక చెయ్యి ఊపుతూ నవ్వుతూనే ఉంది.

గొడుగు తెచ్చివ్వాలని దువాన్‌కి రోజూ గుర్తొచ్చేది, పని హడావుడిలో రోజూ మరుపొచ్చేది. అది ఒవీదియో కొట్టులో పిండి బస్తాల పక్కన గోడకి ఆనుకుని, గాలపు దారం కట్టిన ఊచ బయటికి చాచి, ఎర్రటి మడతల్లో తెల్లటి పిండి నింపుకుని ఇంకా అక్కడే ఉంది.