కుడివైపు ఫుట్‌రెస్టు చెప్పిన క్లబ్బు కథ

నేనొక ఫుట్‌రెస్టును. పాత టూ-స్ట్రోక్ మోటార్‌సైకిల్‌కు కుడివైపు, వెనక కూర్చున్నవాళ్ళు కాలు పెట్టుకునే ఇనుప ముక్కను. నవ్వండి, ఫరవాలేదు. హ్యాండిల్ అయితే చేతుల గొప్పలు చెప్పేది, సీటు సంగతి అడక్కపోవడమే మేలు. నాకు తెలిసినవి కాళ్ళు.

ఏదో ఫౌండ్రీలో పోత పోసి, రబ్బరు తొడిగి, నన్ను బండికి బిగించారు. మొదటి యజమాని ఒక లెక్చరరు. వెనక ఆయన బావమరిది కూర్చునేవాడు. బావ బ్రేకు వేయాల్సిన చోటల్లా అతను నన్ను తొక్కేవాడు. నా రబ్బరు అరిగింది తప్ప బండి ఒక్కసారీ ఆగలేదు. చివరికి విసుగొచ్చి లెక్చరరు బండిని అనంతపురంలో మోటార్లకు వైండింగు చేసే లాలెప్పకు అమ్మేశాడు.

క్లబ్బు పుట్టింది లాలెప్ప కొట్టు ముందే. క్లబ్బంటే ఏముంది, ఆదివారం పొద్దున్నే నలుగురు మనుషులు నాలుగు ముసలి బండ్ల మీద తాడిపత్రికి పోయి ఉగ్గాని, బజ్జీ తిని రావడం. పేరు లేదు, అధ్యక్షుడు లేడు. ఒక్కటే కట్టుబాటు: ఎవరి బండి ఆగినా ఇంకొకడు పక్కకు వచ్చి, దాని ఫుట్‌రెస్టు మీద కాలు ఆనించి, తన బండి జోరుతో తోసుకుంటూ పోవాలి. ఎక్కువగా ఆగేది మా బండే. అందుకని అందరి హవాయి చెప్పులూ నాకు చుట్టాలే.

తర్వాత సభ్యులు పెరిగారు. చెప్పులు పోయి షూలు వచ్చాయి. షూలకు తగ్గట్టు ఒక పేరు, పేరుకు తగ్గట్టు ఒక బొమ్మ కావలసి వచ్చాయి. గద్దా, పుర్రా అని మూడు నెలలు కొట్లాడుకుని, పుర్రెను ఎత్తుకుపోతున్న గద్దను వేయించారు. చూస్తే కోడి కొబ్బరికాయ దొంగిలించినట్టుంది. ఎన్నికలు పెట్టుకుని రెండుగా చీలారు, ఎవరి పెళ్ళిలోనో బిర్యానీ దగ్గర మళ్ళీ కలిశారు. నూరు మందయ్యేసరికి మోకాళ్ళ దాకా బూట్లు వచ్చాయి. వాటిలో ఒక్కటీ నా మీద పడలేదు. బూటు గీసుకుపోతుందట!

ఈ ఏడు తాడిపత్రి ర్యాలీకి కొత్త అధ్యక్షుడు దినకర్ ఒక నియమం తెచ్చాడు. ఎనభై కిలోమీటర్ల వేగం అందుకోలేని బండి ర్యాలీలో నడవకూడదు. లాలెప్ప బండిని వ్యానులో తెచ్చి వేదిక మీద నిలబెడతారట.

"దండేసి పెడతాం అంకుల్, అందరూ ఫొటోలు దిగుతారు," అన్నాడు దినకర్.

"దండేసేకి నా బండేమన్నా సచ్చిపోయిందా?" లాలెప్పకు మండింది. "నడుపుకుంటానే వస్తా, ఏం చేస్కుంటావో చేస్కో పో!"

మూడు రోజులు బండిని విప్పి బిగించాడు. అందరితో పాటు తన బండి మీద తాడిపత్రి చేరాలి, అంతే ఆయన కోరిక. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి అంత చిన్న కోరికకు అంత పాటుపడుతుంటే, నాకు కడుపు లేదు గానీ, ఉంటే తరుక్కుపోయేది.

ర్యాలీ నాడు వెనకబడకూడదని గంట ముందే బయల్దేరాం. తాడిపత్రి ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా ఇంజను పట్టేసింది. కాసేపటికి నూరు బండ్లూ మమ్మల్ని దాటుకుంటూ పోయాయి. కొందరు బొటనవేలు చూపించారు, కొందరు వీడియో తీశారు. "సర్వీసు వ్యానుకు ఫోన్ చెయ్యండంకుల్!" అని ఒకడు అరిచాడు. ఒక్కడూ ఆగలేదు. లాలెప్ప నా పక్కనే కూలబడి ఏడ్చాడు. దాచడమెందుకు, నాకూ ఏడుపొచ్చింది.

"ఏమన్నా, బండి నిలిచిపోయిందా?"

కూరగాయల సంచులతో స్కూటర్ మీద మార్కెట్‌కు పోతున్న ఒకావిడ, పేరు సుంకమ్మట. "ఎక్కి కూర్చో, తోస్తా," అంటూనే చెప్పు కాలు నా మీద ఆనించింది. ఎన్నేళ్ళయింది బాబూ, ఆ బరువు మోసి! ఆరు కిలోమీటర్లూ వంకాయల ధరలు, అల్లుడి సోమరితనం చెబుతూనే తోసింది.

ర్యాలీ సభ జరిగే మైదానం గేటు దగ్గర ఒక కార్యకర్త ఆపాడు. "బ్యాడ్జీ లేనోళ్ళు లోపలికి పోకూడదక్కా." లోపల మైకులో దినకర్ సోదరభావం గురించి దంచుతున్నాడు.

లాలెప్ప తన చొక్కాకున్న బ్యాడ్జీ విప్పాడు. దాని మీద సభ్యత్వం నంబరు ఒకటి అని ఉంది. దాన్ని సుంకమ్మ సంచికి తగిలించాడు.

"ఇప్పుడు పంపు."

"మరి మీకు లేదు కదా అంకుల్?"

"నాకింక వద్దులేప్పా."

సుంకమ్మ గేటు లోపలికి చూసింది, లాలెప్ప ముఖంలోకి చూసింది. కాలు మాత్రం నా మీద నుంచి తీయలేదు. "మెకానిక్కు యాడుండాడన్నా?" అంది. గేటు వదిలేసి మెకానిక్కు దగ్గరికే పోయాం.

నియమాలంటే ప్రాణం గనుక, బ్యాడ్జీ ఎవరి దగ్గరుంటే వాళ్ళే సభ్యులని క్లబ్బువాళ్ళు పుస్తకంలో ఒకటో నంబరు దగ్గర ఆమె పేరు రాసుకున్నారు. మీటింగులకు రమ్మని దినకర్ మెసేజీలు పెడుతుంటాడు. ఆమె జవాబు ఎప్పుడూ ఒక్కటే.

"కూరలమ్ముకోవల్ల, తీరిక లేదు. దావలో ఎవరి బండన్నా నిలిచిపోతే ఫోన్ చెయ్యండి, వస్తా."