వెనక సీటు మీది చీర

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మందపాటి ఖాకీ కోటు తొడుక్కుని మోటార్ సైకిల్ ఎక్కేవాడిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. జన్నారంలో నన్ను చూసి నవ్వనివాడు లేడు. నవ్వుకోనీలే అని ఊరుకునేవాణ్ణి. కోటు లోపల తడి బనీను ఉంటుందని, మెడకు తడి తువ్వాల చుట్టుకుంటానని, నీళ్లున్న వాగు కనపడితే చాలు ఆగి మళ్లీ తడుపుకుంటానని వాళ్లకేం తెలుసు? బండి మీద పోయేవాడికి గాలి తగిలి హాయిగా ఉంటుందనుకుంటారు. ఉట్నూరు దారిలో మే నెల గాలి ముఖానికి తగిలితే మండే పొయ్యి ముందు వంగినట్టుంటుంది. అందుకే నెత్తికి టోపీ, కళ్లకు అద్దాలు, కాళ్లకు బూట్లు, బూట్ల మీంచి మోకాళ్ల దాకా చుట్టుకునే మిలిటరీ పట్టీలు. బండి కూడా మిలిటరీదే. పోలీసు యాక్షన్ అయిన కొన్నేళ్లకు సికింద్రాబాదులో వేలం వేస్తే కొన్నాను. మా దిక్కు దాన్ని అందరూ ఫట్‌ఫటి అనేవారు.

నా పేరు మోషే. మిషన్ దవాఖానలో కంపౌండర్ని. నా భార్య ప్రేమమ్మ అక్కడే నర్సు. అడవి ఊళ్ల నుంచి కాన్పు కష్టమైందని కబురొస్తే ఆమెను వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోవడం నా పని. నేను నెత్తి నుంచి కాలి దాకా మూట కట్టుకుని ముందు కూర్చుంటే, ఆమె పలుచటి తెల్ల చీరలో ఒక పక్కకు తిరిగి వెనక కూర్చునేది. కుచ్చిళ్లు పాదాల మీద పడుతూ బండి గొలుసు పక్కన రెపరెపలాడేవి. నర్సులు తెల్ల చీరే కట్టాలన్నది దవాఖాన పెద్దల కట్టడి. కుచ్చిళ్లు పాదాలను కప్పాలన్నది నన్ను కన్న మా అవ్వ కట్టడి.

అవ్వ పేరు ఎలీసబెతు. బాప్తిస్మానికి ముందు ఎల్లక్క. హుస్నాబాదు దగ్గర ఒక దొర కోటలాంటి గడిలో వెట్టి చేసిన మనిషి. ఆ రోజుల సంగతి అడిగితే మాట మార్చేసేది. బాప్తిస్మం నాడు మిషన్ అమ్మ తెల్ల చీర ఇచ్చి పాదాల దాకా కట్టడం నేర్పిందని మాత్రం వందసార్లు చెప్పేది. ఆనాటి నుంచి ఆమె చీర చీలమండ పైకి లేవలేదు. వానాకాలం బురదలో ఈడ్చుకుంటూ నడుస్తుంది గాని చేత్తో కూడా ఎత్తి పట్టదు. నాకు చిరాకేసేది. చాదస్తం అనుకునేవాణ్ణి.

ఒక ఏడు మే నెల మొదట్లో కాన్పుకు పోతూ, వాగు దాటి ఎత్తు ఎక్కుతుండగా ప్రేమమ్మ కుచ్చిళ్లు గొలుసులో పడ్డాయి. బండి ఒక్క గుంజు గుంజి ఒరిగిపోయింది. ఇద్దరం కాలుతున్న కంకర మీద పడ్డాం. నేను దులుపుకుని లేచాను. కోటు మోచేతి దగ్గర కొంచెం చిరిగింది, అంతే. ప్రేమమ్మ లేవలేదు. చీరతో పాటు ఆమె ఎడమకాలు కూడా గొలుసు దగ్గరికి పోయింది. పిక్క నిలువునా చీరుకుపోయింది. కాన్పు సంచిలోని కత్తెర తీసి చీర కోసి ఆమెను విడిపించాను. మేం పోవలసిన ఊరికి చేరలేదు. అక్కడ తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు.

అవ్వ కోడలి పుండు కడిగింది, కట్టు కట్టింది, వేడినీళ్లు కాచింది, తన చేత్తో తినిపించింది. అందులో వంక పెట్టడానికి లేదు. లేచి నడవగలిగిన రోజున ప్రేమమ్మ ఒక మాట చెప్పింది. ఇక మీదట పొలం పని చేసే ఆడవాళ్లలాగా గోచి పెట్టి చీర బిగించుకుంటానని, అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చుంటానని. తెల్ల చీరే కదా, ఎట్లా కట్టుకుంటే దవాఖానకేం అంది.

"నా ఇంట్ల గోసి కట్టు రానియ్య," అంది అవ్వ. గొంతు పెంచలేదు కూడా.

నేను నవ్వులాటగా ఏదో అనబోతే ప్రేమమ్మ నా మీదికే తిరిగింది. "నువ్వు నెత్తి నుంచి కాళ్ల దాక అన్ని తొడుక్కున్నవు. ఎనుక కూసున్న నాకేమున్నది?" అంది. సిగ్గేసింది.

ఆమె మాట మీద నిలబడే మనిషి. అయితే చిక్కేమిటంటే, చిన్నప్పటి నుంచి మిషన్ హాస్టల్లో పెరిగిన పిల్లకు గోచి పెట్టడం రాదు. లోపలి గదిలో చాలాసేపు తంటాలు పడి బయటికొచ్చింది. గడప దాటేసరికి చీర జారి కాళ్లకు చుట్టుకుంది. నేను నవ్వాపుకోలేకపోయాను. అవ్వ అన్నం పళ్లెం ముందు నుంచి లేచిపోయింది.

పెరట్లో కూర్చున్న ఆమె దగ్గరికి ప్రేమమ్మ కుంటుకుంటూ పోయింది. నేను వెనకే నిలబడ్డాను. అవ్వ తల ఎత్తకుండానే చెప్పింది.

"నాట్లేసేటప్పుడు గోసి బిగించి వంగేటోళ్లం. దొర ఒడ్డు మీద కుర్సీ ఏపిచ్చుకొని కూసునేటోడు. మా కాళ్లు సూసి, ఫలాన్దాన్ని పంపుమని మనిషికి చెప్పేటోడు." కుచ్చిళ్లు పాదాల మీదికి లాక్కుంది. "నన్ను గూడ పంపిండ్రు."

ఇన్నేళ్లూ చాదస్తమనుకున్నది ఇదా? ప్రేమమ్మ ఆమె పాదాల మీద చేయి వేసి కూర్చుంది. ఆ తర్వాత మా ఇంట్లో గోచి మాట ఎవరూ ఎత్తలేదు.

రోహిణి ఎండల్లో ఉట్నూరు అవతలి గూడెం నుంచి ఒకాయన సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. భార్యకు నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగిందట. దవాఖానలో వేరే నర్సు లేదు. ప్రేమమ్మ సంచి అందుకుంది. పిక్క మీది కట్టు ఇంకా విప్పలేదు. చీర కుచ్చిళ్లు పాదాల మీద పడేట్టే కట్టుకుంది. వచ్చి ఎప్పటిలాగే ఒక పక్కకు తిరిగి కూర్చుంది. గొలుసు మీద రేకు వేయమని మిస్త్రీకి చెప్పాను గాని వాడింకా చెయ్యలేదు.

అవ్వ గడపలో నిలబడి చూస్తోంది. నేను తువ్వాల తడిపి మెడకు చుట్టుకుంటున్నాను. వెనక సంచిలో కత్తెరలు, గిన్నెలు గలగలమంటున్నాయి. బండి ఇంకా స్టార్ట్ చేయలేదు. అవి ప్రేమమ్మ ఒళ్లో మోగుతున్నాయి. ఆమె అంతగా వణుకుతోంది. ఆ చప్పుడు నాకు వినపడింది, అవ్వకూ వినపడింది.

"దిగు," అంది అవ్వ.

ప్రేమమ్మ దిగింది. అవ్వ ఆమెను లోపలికి తీసుకుపోయి, తలుపు వేసే ఓపిక కూడా లేనట్టు అక్కడే కుచ్చిళ్లు లాగేసింది. చీర చుట్టింది, మడిచింది, కాళ్ల మధ్య నుంచి తీసి నడుం వెనక దోపి బిగించింది. ఎక్కడా తడుముకోలేదు. మధ్యలో ఒక్కసారి చేతులు ఆగిపోయాయి. చెంగు పట్టుకుని అలాగే ఉండిపోయింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"వద్దు అత్తమ్మా," అంది ప్రేమమ్మ. "ఎట్లనో పోత తియ్యి."

"నా కాళ్లను వాడు సూసిండు," అంది అవ్వ. "నీ కాళ్లను ఎవడన్న సూస్తే సూడనియ్యి, బిడ్డా. ముందుగాల కాళ్లుండనియ్యి."

మళ్లీ బిగించడం మొదలుపెట్టింది. తర్వాత నన్ను పిలిచి నా కాళ్ల పట్టీలు విప్పమంది. కుడి పక్క సైలెన్సర్ కాగుతుందని ఎవరూ చెప్పకుండానే ఆమె కనిపెట్టింది. తడిపిన పట్టీలను కోడలి రెండు పిక్కలకు మోకాళ్ల దాకా చుట్టింది. పుండున్న చోట మెల్లగా, మిగతా చోట గట్టిగా. ఆ పని అయ్యాక మా వైపు చూడకుండా లోపలికి పోయింది. సాగనంపడానికి బయటికి రాలేదు.

ప్రేమమ్మ అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చుని నా భుజం పట్టుకుంది. ఊరి వాళ్లు ఈసారి నా కోటును వదిలేసి ఆమెను చూశారు. నేను ఎవరినీ చూడలేదు. అద్దాల వెనక నాకు కళ్లు సరిగా కనపడటం లేదు.

మేం పోయినసారి పడ్డ వాగు దగ్గర ఆగాం. ఇసుక తోడి, ఊరిన నీళ్లలో తువ్వాల తడుపుతుంటే ప్రేమమ్మ బండి దిగి నడుం వెనక చేయి పెట్టి చూసుకుంది. అంత గతుకుల దారిలో వచ్చినా బిగింపు వెంట్రుకంత సడలలేదు.

"అత్తమ్మ చేతులు మర్సిపోలే," అంది. అని, అక్కడే నిలబడి ఏడ్చింది.

తువ్వాల పిండి, ఈసారి నా మెడకు కాకుండా ఆమె నెత్తికి చుట్టి, బండి స్టార్ట్ చేశాను.