ఇంటికి పోయే పావులు

ముంబై కామాఠిపురలో, వరుస గదులున్న ఆ పాత చాల్‌లో ఆదివారం రెండు చప్పుళ్లతో మొదలవుతుంది. ఒకటి డ్రమ్ముల్లో నీళ్లు పడే చప్పుడు, రెండోది దర్శన టీచర్ కేకలు. నల్లా కాసేపటికి ఆగిపోతుంది గానీ టీచర్ ఆగదు. గ్యాలరీలో ఆరేసిన బట్టలన్నీ తీయించి, గుమ్మాల ముందు చెప్పులన్నీ ఎవరివి వాళ్ల ఇళ్లలోకి నెట్టించి, బల్లలు వేయించి, వాటి మీద చదరంగం బోర్డులు పరిపించేసరికి మామూలు మనిషికైతే గొంతు పోయుండాలి. ఏళ్ల తరబడి ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పి సానబట్టిన గొంతు కాబట్టి ఆమెది పోదు.

నాగ్‌పాడా చుట్టుపక్కల హైస్కూళ్లన్నిటినీ కలిపి ఆమె చదరంగం లీగు నడుపుతోంది. నడపడమంటే పిల్లల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టడమే అనుకునేవాళ్లు ఒక్క ఆదివారం వచ్చి చూడాలి. ఒక బడి జట్టు సగం పెళ్లికి పోయి ఉంటుంది. ఇంకో బడి గడియారాల్లో బ్యాటరీలు ఉండవు. ఒక సారుకి తన పిల్లలు ఓడిపోతుంటే బీపీ పెరుగుతుంది, ఆయనకు మంచినీళ్లివ్వాలి. ఇక ముట్టుకున్న పావునే జరపాలన్న రూలు మీద అయినన్ని తగాదాలు నల్లా దగ్గర కూడా కావు. "ముట్టినవ్, జరుపాలె!" అని ఒకడు, "ముట్టలే, సర్దిన!" అని ఇంకొకడు. అన్నీ తీర్చేది దర్శనే.

ఒక్కో జట్టులో నలుగురు. మూడు బల్లల మీద ప్లాస్టిక్ పావులుంటాయి. నాలుగో బల్ల మీద మాత్రం దర్శన తండ్రి గంగారాం చేసిన కొయ్య పావులు. ఆయన సెంట్రింగ్ వడ్రంగి. స్లాబు ఆరాక విప్పేసిన చెక్కల్లో మంచి ముక్కలు ఏరి తెచ్చుకుని, ఈ గ్యాలరీలోనే కూర్చుని చెక్కాడు. ఆయన పోయినా సెట్టు ఉంది. ఆ సెట్టుకి ఒక అలవాటు కూడా ఉంది. చచ్చిన పావు బోర్డు పక్కన పడి ఉండదు, ఇంటికి పోతుంది.

తెల్ల గుర్రం చస్తే పక్కింటి గంగవ్వ బియ్యం డబ్బాలో తేలుతుంది. నల్ల ఏనుగు దర్శన జట్టు పిల్లాడు అనికేత్ వాళ్ల దేవుడి గూట్లో, అగరుబత్తీల పక్కన నిలబడుతుంది. ఒక ఒంటె ఎప్పుడూ పై అంతస్తులో ఇస్త్రీ చొక్కాల మడతల్లోకే చేరుతుంది. బంటులు ఏ చెప్పులోనో, ఏ పప్పుగిన్నెలోనో. తెల్ల మంత్రి, అంటే ఇక్కడి పిల్లలందరూ వజీర్ అని పిలిచేది, గంగారాం భార్య చంద్రమ్మ ఆకువక్కల డబ్బాలోకి వస్తుంది. చంద్రమ్మ దాన్ని వెంటనే తిరిగివ్వదు. కాసేపు ఒళ్లో పెట్టుకుని గాని ఇవ్వదు. తర్వాతి ఆట ఆలస్యమవుతోందని కూతురు అరిస్తే, "నీ నాయిన పంపిండే, జరసేపు ఉండనీ," అంటుంది.

ఆట ఎంత దూరంలో జరిగినా పావులు ఈ చాల్‌కే వస్తాయి. అందుకే ఇక్కడి ఆడవాళ్లకి ఆట ఎలా సాగుతోందో ఫోన్ చేసి అడిగే పని లేదు. "గుర్రమొచ్చిందే, మనోళ్లు ఎనకపడ్డరు!" అని గంగవ్వ గ్యాలరీలోకి కేకేస్తే, "మాకాడికి ఏనుగొచ్చింది, ఫికర్ చెయ్యకు!" అని పైనుంచి ఎవరో బదులిస్తారు.

దీనికో మర్యాద ఉంది. ఆట అయ్యాక, ఏ ఇంటికి పావు వస్తే ఆ ఇంటివాళ్లే దాన్ని తెచ్చి బోర్డు మీద పెట్టాలి. వేరే చేయి పెడితే నిలబడదు, ఎన్నిసార్లు పెట్టినా ఒరిగిపోతుంది. అన్నీ వచ్చేదాకా సెట్టు మూట కట్టరు. పావులు ఇళ్లకు పోవడం మీద మిగతా బళ్ల సార్లెవరికీ పేచీ లేదు. టైము వేస్టవుతోందన్నదే వాళ్ల గోల. అందుకే దర్శన ఆ సెట్టును నాలుగో బల్లకు దించింది.

ఈ ఏడు ఆ బల్ల దగ్గర కూర్చున్నది మమత. తొమ్మిదో తరగతి. మహబూబ్‌నగర్ పక్క పల్లె నుంచి వచ్చిన కూలీల పిల్ల. తండ్రి కుర్మయ్య గోడలు కడతాడు, తల్లి మణెమ్మ ఇటుకలు అందిస్తుంది. చంద్రమ్మకున్న రెండో గదిలో, ఖోలీ అంటారిక్కడ, అద్దెకుంటున్నారు. దర్శన జట్టుకి నాలుగో మనిషి దొరక్క కొట్టుకుంటుంటే, "నాకు పులిజూదం వస్తది టీచర్," అంది ఈ పిల్ల. గుడ్డిలో మెల్ల అనుకుని దర్శన కూర్చోబెట్టింది.

మొదటి వారం మమత వజీర్‌ను పులి అనుకుని ఎదుటివాడి బంటు మీదుగా దూకించి, ఆ బంటును చంపేశానని తీసి పక్కన పెట్టింది. ఎదుటి బడి సారుకి బీపీ పెరిగింది. అయితే నేర్చుకుంది. నేర్చుకున్నాక ఆమె ఆట ఎవరికీ అర్థం కాలేదు. ఊళ్లో తాత బండ మీద బొగ్గుతో గీతలు గీసి నేర్పిన విద్య మరి. మేకలన్నీ కలిసి పులిని కదలకుండా కట్టేయాలి. ఆమె బంటులు మేకల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నడిచేవి. ఎదుటి రాజుకి చుట్టూ ఊపిరాడేది కాదు.

కానీ ఒక్క పావును కూడా చావనిచ్చేది కాదు. ఒకటిచ్చి ఒకటి తీసుకోవడం ఆమెకు చేతకాదు. గెలిచే ఆటలన్నీ డ్రా అయ్యేవి.

"ఆ వజీర్‌ను ఇచ్చేస్తే గెలుస్తుంటివి గదనే. ఎందుకట్ల దాచుకుంటవ్?" అని దర్శన ఒకరోజు కసిరింది.

మమత చున్నీ కొస చుట్టుకుంటూ చెప్పింది. "పోయినవన్నీ అందరిండ్లకు పోతయి టీచర్. మా ఖోలీకి ఒక్కటి గూడ రాదు."

దర్శన బోర్డు మీద పావులు మళ్లీ వరసగా పేర్చింది.

డ్రాల మీద డ్రాలు చేసుకుంటూనే జట్టు ఫైనల్‌కి వచ్చింది. ఫైనల్ దాదర్‌లో, తెలుగువాళ్ల హాల్లో. సరిగ్గా అప్పుడే కుర్మయ్యను పనిలో పెట్టుకున్న మేస్త్రీ కబురు తెచ్చాడు. ఇక్కడి పని అయిపోయింది, పుణె అవతల కొత్త సైటు, ఫైనల్ జరిగే ఆదివారమే బయల్దేరాలి. ఆ సైటు దగ్గర బడి లేదు. మణెమ్మకి ఆ సంగతి తెలుసు, మమతకీ తెలుసు. పోతే చదువు అక్కడితో సరి.

దర్శన గ్యాలరీలో మణెమ్మను ఆపింది. "నువ్వూ పిల్లా ఈడనే ఉండుండ్రి."

"ఎట్లుంటం టీచర్? మేస్త్రి జోడీలనే తీస్కపోతడు. మొగడు కడితే పెండ్లాం అందియ్యాలె. ఆయనొక్కడు పోతె మేస్త్రి అరుస్తడు."

"అరిస్తే అరవనీ."

"అది గాదు." మణెమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుంది. "ఊరు గాని ఊర్ల ఆడపిల్లను పెట్టుకొని ఎవరి ధైర్యంతోని ఉండాలె? ఈడ మాకెవరున్నరు?"

"మేము లేమా?"

"మీరు మంచోళ్లే టీచర్," అంది మణెమ్మ. మంచోళ్లు వేరు, మనోళ్లు వేరు. ఆ తేడా దర్శనకీ తెలుసు. మమత ఆట అయ్యేదాకా దాదర్‌లో టెంపో ఆపేలా మాత్రం మేస్త్రీతో మాట్లాడి ఒప్పించింది.

ఆదివారం వచ్చింది. మణెమ్మ ఖోలీ ఊడ్చి, తాళంచెవి చంద్రమ్మ చేతిలో పెట్టింది. స్టవ్వు, నీళ్ల డ్రమ్ము, పరుపులు టెంపోకెక్కాయి.

దాదర్ హాల్లో మొదటి బల్ల మీద జట్టు కెప్టెన్ అనికేత్ డ్రా చేసుకున్నాడు. రెండో బల్ల గెలిచింది, మూడోది ఓడింది. ఇక అంతా మమత చేతిలో ఉంది. ఎదురుగా రుతుజ అని వేరే బడి అమ్మాయి. ఆమె నల్ల రాజు మూల దగ్గర ఇరుక్కుని ఉంది, చుట్టూ మమత మేకలు. ఒక్క గడి ఖాళీ. అందులోంచి రాజు తప్పించుకుంటే మళ్లీ డ్రా, సమమైతే కప్పు కిందటేడు గెలిచిన వాళ్లకే పోతుంది. ఆ గడిలో వజీర్‌ను పెడితే రుతుజ ఏనుగు కొట్టక తప్పదు. కొట్టిందంటే తన రాజు దారికి తనే అడ్డం నిలబడుతుంది.

మమతకు అదంతా కనిపిస్తూనే ఉంది. కిటికీలోంచి టెంపో కూడా కనిపిస్తోంది. గిన్నెల మూట మీద అమ్మ కూర్చుని ఉంది. ఆట ఎంతసేపు సాగితే అంతసేపు తను ఈ బడి పిల్ల. అయిపోతే టెంపో ఎక్కాలి. గడియారం పరుగెడుతోంది. నాలుగో బల్ల వెనక నిలబడ్డ దర్శన ఒకసారి గడియారాన్ని, ఒకసారి బయట టెంపోను చూస్తోంది.

'పోయేదాన్నే గద, ఇంకెవరి కోసం దాచుకోవాలె,' అనుకుంది మమత. వజీర్‌ను ఎత్తి ఆ గడిలో పెట్టింది. రుతుజ ఏనుగుతో కొట్టింది. ఆ ఆటలో చచ్చిన ఒకే ఒక్క పావు, వజీర్, ఆమె వేళ్ల మధ్యనుంచే మాయమైపోయింది. మమత ఒక బంటును ఒక్క గడి ముందుకు తోసింది. రాజుకి ఎటూ దారి లేదు.

అనికేత్ ఎగిరి గంతేసి చంద్రమ్మకు ఫోన్ కలిపాడు. "ఆజీ, మనమే గెలిచినం! వజీర్ నీకాడికే వస్తది, డబ్బా చూడు జల్దీ!"

చంద్రమ్మ పొద్దుటి నుంచీ డబ్బా మూత తీసుకునే కూర్చుంది. అందులో ఆకులున్నాయి, వక్కలున్నాయి, సున్నముంది. వజీర్ లేదు. గంగవ్వ బియ్యం డబ్బా చూసింది. మిగతావాళ్లు చెప్పులు దులిపారు, పప్పుగిన్నెల మూతలెత్తారు, పరుపులు తిరగేశారు. చాల్ మొత్తం వెతికింది. చివరికి చంద్రమ్మ నడుముకి దోపుకున్న తాళంచెవి తీసి రెండో ఖోలీ తెరిచింది.

గదిలో ఏమీ లేదు. స్టవ్వు పెట్టుకునే గట్టు మీద, నూనె మరక మధ్యలో తెల్ల వజీర్ నిలబడి ఉంది.

చంద్రమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి వజీర్ తన దగ్గరికి రాలేదు. ఆమె అలిగిందని చెప్పాలి, నిజంగానే అలిగింది. "ముసలోడా, నన్ను మరిచినవా?" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గట్టు దాకా చాపిన చెయ్యిని మళ్లీ వెనక్కి తీసుకుంది. తర్వాత మణెమ్మకు ఫోన్ చేసింది.

"మణెమ్మా, నీ ఇంటికి వజీర్ వచ్చింది. వచ్చి తీస్కపో."

"మేము ఖాళీ చేసినం గద పెద్దమ్మా."

"చేసినవో లేదో అది నాకు తెల్వది. అది నీ ఇంటికొచ్చింది, నేను ముట్టను. నువ్వు రాకుంటె నా బిడ్డ ఆడ బోర్డు పరుసుకొని కూసునే ఉంటది."

గిన్నెల మూట మీద మణెమ్మ ఫోన్ దించింది. మేస్త్రీ హారన్ కొట్టించాడు.

"ఏమంట?" అన్నాడు కుర్మయ్య.

"మనింటికి వజీర్ వచ్చిందంట."

"మనింటికా?" కుర్మయ్య మాట తొందరగా తేల్చే మనిషి కాదు. టెంపోలోని సామాను వంక చూశాడు, హాలు కిటికీ వంక చూశాడు. తర్వాత పెళ్లాం బట్టల మూట, కూతురి బడిసంచి కిందికి దించాడు. "దిగు."

"మరి నువ్వు?"

"మేస్త్రికి మాటిచ్చిన. పోత. స్లాబు పడ్డంక వస్త."

"జోడీ లేకుంటె ఆయన ఊకుంటడా?"

"అరుస్తడు. అరవనీ. ఇల్లున్నోళ్లు ఇంట్ల ఉండాలె."

మణెమ్మ దిగింది. ఏడుస్తూనే దిగింది. హాలు గుమ్మం దాకా పరుగున వచ్చి, "బిడ్డా, ఈడనే ఉండు, ఇంటికి పోయొస్త!" అని కేకేసి స్టేషన్ వైపు నడిచింది. మమత కిటికీ దగ్గరికి వెళ్లేసరికి టెంపో కదిలింది. వెనక కూర్చున్న తండ్రి చెయ్యెత్తి ఊపాడు. టెంపో మలుపు తిరిగాక కూడా ఆమె అక్కడే నిలబడింది.

కప్పు ఇచ్చారు, ఫోటోలు తీశారు, బళ్లన్నీ వెళ్లిపోయాయి. దర్శన జట్టు మాత్రం పరిచిన బోర్డు చుట్టూ వడాపావ్ తింటూ కూర్చుంది. హాలు తాళం వేసుకోవాలని కాపలావాడు వస్తే, దర్శన ఎనిమిదో తరగతి గొంతుతో ఒక్క మాట అంది. అతను వెళ్లి బయట మెట్ల మీద కూర్చున్నాడు.

లోకల్ రైలు దిగి చెమటతో వచ్చింది మణెమ్మ. కొంగు ముడి విప్పి వజీర్‌ను బయటికి తీసింది. దాని నుదుట ఎర్రగా కుంకుమ బొట్టుంది. కింద ఏదో తెల్లగా అంటుకుని ఉంది.

"ఇదేందమ్మా?" అంది మమత.

"మొదటిసారి ఇంటికొచ్చిన సుట్టం," అంది మణెమ్మ కొంచెం సిగ్గుపడుతూ. "స్టవ్వేమో మీ నాయినెంబడి పాయె, చాయన్న పొయ్యలేకపోయిన. పెద్దమ్మనడిగి ఇంత బొట్టు పెట్టి, నోట్ల చక్కెర పోసిన. ఉత్తగ ఎట్ల పంపుత?"

వజీర్‌ను ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు. మమత గడి చూపించింది. మణెమ్మ దాన్ని రాజు పక్కన నిలబెట్టి, ఒరిగిపోతుందేమోనని చేతులు రెండు వైపులా అడ్డం పెట్టి కాసేపు చూసింది. తర్వాత చేతులు తీసేసింది. వజీర్ ఒరగలేదు.

మమత వంగి, వజీర్‌కి అంటుకున్న చక్కెర పలుకు వేలితో తీసి నోట్లో వేసుకుంది. అప్పుడు ఏడ్చింది.