కొట్లాటకు అనువైన ఇల్లు

హైమకు తన మొగుడితో ఒక్కసారైనా గొంతెత్తి కొట్లాడాలని ఉండేది. ఇదేం కోరికమ్మా అని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. కొందరికి పట్టుచీర మీద మోజు ఉంటుంది, కొందరికి కాశీ చూడాలని ఉంటుంది. హైమకు ఇదీ కోరిక. పెళ్లయి ఇరవై ఏళ్లు కావస్తున్నా ఆ ముచ్చట మాత్రం తీరలేదు.

అలాగని ధర్మలింగం చెడ్డవాడేమీ కాదు, చాలా నెమ్మదస్తుడు. అక్కడే వచ్చింది తంటా అంతా. జార్జి టౌన్‌లో తాతల నాటి నుంచి వాళ్లది గాజుల టోకు అంగడి. గాజుల పెట్టెల మధ్య పుట్టి పెరగడం వల్లనో ఏమో, ఆ ఇంట్లో ఎవరూ విసురుగా నడవరు, చెయ్యి విదిలించరు, గొంతు పెంచరు. దానికి తగ్గట్టే ఉంటుంది ఇల్లు కూడా. వీధిలోంచి చూస్తే ఒక గుమ్మం కనిపిస్తుంది, లోపలికి పోతే రైలు పెట్టెల్లాగా ఒకదాని వెనక ఒకటి గదులు. అన్నదమ్ముల గదుల మధ్య గోడైనా లేదు, చెక్క అడ్డం ఒకటి ఉంది. అదీ పైకప్పు దాకా పోలేదు. ఈ గదిలో హైమ నిట్టూరిస్తే ఆ గదిలో బావగారు వరదరాజులు పక్క మీద అటు నుంచి ఇటు దొర్లేవాడు.

అందుకని హైమ కాపురం మాటల మీద కాక కాఫీ గ్లాసు మీద నడిచింది. గ్లాసు మెత్తగా కింద పెట్టిందంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. టక్కుమనిపించిందంటే మొగుడు ఏదో తప్పు చేసినట్టు. పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయిందంటే ఆ వారమంతా ధర్మలింగానికి గడ్డురోజులే. అతగాడు దగ్గులతో జవాబు చెప్పేవాడు. చిన్నగా దగ్గితే సరేనని. రెండోసారి కూడా దగ్గితే తరవాత చూద్దామని. బాగా గొంతు సవరించుకున్నాడంటే వదిన వింటోంది ఊరుకోమని అర్థం.

పోనీ ఇదేమైనా రహస్య భాషా అంటే అదీ కాదు. ఇంటిల్లిపాదికీ తెలుసు. గ్లాసు చప్పుడు వినబడగానే తోడికోడలు రాజలక్ష్మి వంటింట్లో నుంచే, "ఏం హైమా, మరిది ఏం చేసినాడు?" అని మెల్లగా అడిగేది. అత్తగారు బతికున్నన్నాళ్లూ ఆవిడ భయానికి అందరూ గుసగుసగా మాట్లాడేవాళ్లు. ఆవిడ పోయినా ఆ గుసగుసలు పోలేదు.

డెబ్బై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో వరదరాజులు కొడుక్కి పెళ్లి కుదిరింది. కొత్త జంటకు గది కావాలి. అన్నదమ్ములు కూర్చుని మాట్లాడుకున్నారు. గొడవ పడడం ఎట్లాగో ఇద్దరికీ తెలియదు గనక పని తొందరగానే తేలిపోయింది. అంగడి ఉమ్మడిగానే ఉంటుంది, చిన్నవాడు మాత్రం వేరే ఇల్లు చూసుకుంటాడు. ఆ మాట చెవిన పడ్డ రోజు హైమ సామాన్ల గదిలోకి పోయి, తలుపు వేసుకుని, కరువుదీరా నవ్వుకుంది. ఇల్లు పెద్దదైనా చిన్నదైనా ఆమెకు పట్టింపు లేదు. నోరు తెరిచి మాట్లాడుకునే ఇల్లయితే చాలు.

మొదట టి. నగర్‌లో ఒకటి చూశారు. పాండీ బజారు వెనక వీధిలో మేడ మీద పోర్షన్. మెట్లు దిగితే అంగళ్లు, మలుపు తిరిగితే బస్సులు. కాలేజీలో చేరబోతున్న కూతురు కోకిల దాన్ని చూడకముందే తమిళంలో సరేననేసింది. అంగళ్ల అద్దాల వెనక వేలాడుతున్న చీరలు చూసి హైమ కూడా కొంచెం మెత్తబడిన మాట నిజం. కానీ కింద భాగంలో ఇంటి సొంతదారు భార్య చాప మీద కూర్చుని బియ్యం ఏరుతూ షరతులు చెప్పింది. నీళ్లు పొద్దున మాత్రమే వస్తాయి. గోడకు మేకులు కొట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, చప్పుడు చెయ్యకూడదు. మా ఆయనకు బ్లడ్ ప్రెషర్, పైన చెంచా కింద పడినా ఆయనకు గుండె దడ అంది.

ధర్మలింగం ముఖం వెలిగిపోయింది. "మా ఇంట్లో మనుషులు ఉండేదే తెలియదమ్మా" అని తమిళంలో గొప్పగా చెప్పుకున్నాడు. ఇరవై ఏళ్లు బావగారి నిద్ర కాపాడింది చాలక, ఇక ముక్కూ మొహం తెలియని మనిషి బ్లడ్ ప్రెషర్ కూడా కాపాడాలా అనుకుంది హైమ. అనుకోవడమే గాని పైకి అనడానికి అక్కడ చోటేది?

సోమవారం అడ్వాన్సు ఇస్తామని చెప్పి వచ్చారు. ఇక మిగిలింది తిరువాన్మియూరు ఇల్లు. దాన్ని చూడాలని ధర్మలింగానికి ఏ కోశానా లేదు. కన్నియప్పన్ అనే బ్రోకరుకు ముందే మాట ఇచ్చి ఉన్నాడు. "వస్తామని చెప్పినాము గదా, తల చూపించి వద్దాము" అని ఆదివారం మధ్యాహ్నం హైమను వెంటబెట్టుకుని బయలుదేరాడు.

అడయారు దాటాక బస్సులో మనుషులు తగ్గుతూ వచ్చారు, గాలి పెరుగుతూ వచ్చింది. దిగిన చోట ఒక టీ అంగడి, దాని వెనక సరుగుడు తోపు, ఆ పైన అంతా ఇసుకే. టీ అంగడి దగ్గర కాచుకుని ఉన్న కన్నియప్పన్ వెంట నడుస్తూ, చెప్పుల్లోకి ఇసుక దూరుతుంటే ధర్మలింగం అడుగడుక్కీ ఆగి దులుపుకున్నాడు. తోపు చివర సముద్రానికి ఎదురుగా ఒంటరిగా ఉంది ఇల్లు. సున్నం కొట్టిన గోడలు, ముందర ఒక వరండా, అంతే.

"వీడు గాలి సార్" అన్నాడు కన్నియప్పన్ సంబరంగా. తమిళంలో అతని ఉద్దేశం ఇల్లు ఖాళీగా ఉందని. ధర్మలింగం ఎగిరిపోతున్న అంగవస్త్రాన్ని రెండు చేతులా పట్టుకుని, "తెలుగులో గూడా గాలే గదప్పా" అన్నాడు. తాళంచెవి టీ అంగడివాడి దగ్గరే ఉండిపోయిందని కన్నియప్పన్‌కు అప్పుడు గుర్తొచ్చింది. నాలిక కరుచుకుని వెనక్కి పరిగెత్తాడు.

మొగుడూ పెళ్లామూ ఇద్దరే మిగిలారు. సముద్రం హోరున మోగుతోంది.

"ఇల్లు బాగుండాదండీ" అంది హైమ.

"ఏమీ?"

"బాగుండాది అంటా ఉండా!"

ధర్మలింగం అలవాటు ప్రకారం దగ్గాడు. ఆ దగ్గును గాలి ఎటో ఎత్తుకుపోయింది.

"ఏమన్నారు?"

"ఏమీ అన్లే! దగ్గినాను!"

"దగ్గితే నాకేం తెలుస్తాదండీ? నోటితో చెప్పండి!"

ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే, ఎవరన్నారా అని హైమే ఉలిక్కిపడింది. రాజలక్ష్మి విన్నదేమోనని వెనక్కి తిరిగి చూసింది. వెనక ఒక మేక తప్ప ఎవరూ లేరు. అది కూడా తన మేత మానలేదు.

"చెప్పేదానికేముంది!" ధర్మలింగం కూడా అరిచాడు, అరవకపోతే వినపడదు గనక. "ఈడ మనిషనేవాడు లేడు! పొద్దు కుంకితే బస్సుండదు! నేను అంగడి మూసి ఎట్ల వచ్చేది? హార్బరు నుంచి ఈదుకుంటా రావాల్నా?"

"అంగడి, అంగడి! నేను నోరు తెరిచి ఏమడిగినా అంగడే! కోకిల పుట్టి నేను వేలూరులో అయిదు నెలలుంటే, ఎట్లుండావని ఒక్క కార్డు ముక్క రాసినావా నువ్వు?"

'మీరు' కాస్తా ఎప్పుడు 'నువ్వు' అయిందో హైమకు తెలియదు. అన్నాక నోటి మీద చెయ్యి వేసుకుంది. కానీ ధర్మలింగం ఆ సంగతి పట్టించుకునే స్థితిలో లేడు. అతని మెడ నరాలు ఉబ్బాయి. ముఖం ఎర్రబడింది. ఇంత గొంతు ఈ మనిషి ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నాడో!

"ఏమని రాసేది? చెప్పు, ఏమని రాసేది? కార్డు రాస్తే ఆడ ముందర మీ నాయన చదువుతాడు, తరవాత మీ అవ్వ చదివించుకుంటుంది! నాకు నా పెండ్లాము కావాల, పంపించండి అని కార్డు మీద రాసేదా? మంచి దినము లేదు, మంచి దినము లేదని మా యమ్మ నెల నెలా తోసిపెడతా ఉంటే, అమ్మతో పోయి చెప్పేదా నాకు నా పెండ్లాము కావాలని? చెక్కకు ఆ పక్క అన్న పడుకోనుండాడు! యాడ చెప్పేది? ఎవురికి చెప్పేది?"

హైమ దగ్గర ఈ కొట్లాట కోసం ఇరవై ఏళ్లుగా దాచిపెట్టుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి. అన్నీ తను అనాలనుకున్నవే. అతనికి కూడా అనవలసిన మాటలుంటాయని ఏనాడూ తోచలేదు. వేలూరులో ఆ అయిదు నెలలూ పోస్టుమాన్ వచ్చే వేళకు వాకిట్లో నిలబడి, ఆడపిల్ల పుట్టిందని మొగుడికి మనసు విరిగిందేమోనని ఎంత కుమిలిపోయిందో! ఇప్పుడు సంతోషం వచ్చింది, ఏడుపూ వచ్చింది, వాటితోపాటు పట్టరానంత కోపమూ వచ్చింది.

"మరి ఈ మాట నేను తిరిగొచ్చినాకైనా ఎందుకు చెప్పలే?"

"దగ్గినాను గదే!"

"దగ్గినాడంట! దగ్గితే అంత మాట తెలుస్తాదా?"

ఆ తరవాత కొట్లాట రుచిగా సాగింది. కాఫీలో చక్కెర సంగతి వచ్చింది. వంకాయ కూర సంగతి వచ్చింది. ఎప్పుడో తిరుత్తణిలో గుడి మెట్లెక్కుతూ హైమను వెనక వదిలేసి పోయిన సంగతి వచ్చింది, ఆమె అప్పుడు కావాలనే మెల్లగా నడిచిందన్న సంగతి కూడా బయటపడింది. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు ఇంకొకరు అందుకున్నారు. మధ్యలో ఒకసారి ఇద్దరికీ నవ్వొచ్చింది, నవ్వి మళ్లీ అందుకున్నారు.

తాళంచెవితో తిరిగొచ్చిన కన్నియప్పన్ ఈ భాగోతం దూరం నుంచే చూసి హడలిపోయాడు. చేతులు జోడించి, ఇల్లు నచ్చకపోతే పోనివ్వండి, దానికోసం మీరిద్దరూ తగాదా పడవద్దండి అని తమిళంలో బతిమాలాడు.

"ఇల్లు పిడిచ్చిరుక్కు!" అని అరిచాడు ధర్మలింగం. నచ్చిందన్నమాట. అప్పటికింకా గుమ్మం లోపలికి తొంగి కూడా చూడలేదు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వరదరాజులు భోజనానికి కూర్చుంటున్నాడు. తమ్ముడికి కూడా పక్కనే ఆకు వేశారు. "ఏమి, ఎట్లుంది ఇల్లు?" అని అడిగాడు అన్న. ధర్మలింగం నోరు తెరిస్తే గరగరమని గాలి వచ్చింది గాని మాట రాలేదు. హైమ గొంతు కూడా బొంగురుపోయింది.

"చూస్తివా! ఆ ఉప్పు గాలి మీకు పడలే" అన్నాడు వరదరాజులు. "ఒక్క పూటకే ఇద్దరి గొంతులూ పోయినాయి. ఆడ కాపురం పెడితే ఇంకేమన్నా ఉండాదా? రేపు పొద్దున్నే టి. నగరుకు పోయి అడ్వాన్సు ఇచ్చేసి రా."

ఆ ఇంట్లో పెద్దవాడు ఒక మాట అన్నాక ఇంకొకరు మాట్లాడడమనేది లేదు. అంగడిలోనూ లేదు, ఇంట్లోనూ లేదు. హైమ నెయ్యి గిన్నె పట్టుకుని మొగుడి వైపు చూసింది. అయిపోయింది, బతుకంతా ఇక చెంచా చప్పుడు కాకుండా బతకడమే అనుకుంది. ధర్మలింగం తల వంచుకుని గట్టిగా గొంతు సవరించుకున్నాడు. ఊరుకోమంటున్నాడని ఆమె కళ్లు దించుకుంది.

"గాలి గాదన్నా" అన్నాడు ధర్మలింగం.

బొంగురు గొంతే అయినా చెక్క అడ్డానికి అటూ ఇటూ వినబడేంత గట్టిగా వచ్చింది.

"ఉప్పూ గాదు, గాలీ గాదు. మేము కొట్లాడుకున్నాము. సముద్రం ఎదురుగా నిలబడి ఇద్దరమూ నోరారా అరుచుకున్నాము. పెండ్లయిన ఇన్నేండ్లకు ఇప్పటికి అయింది అది. రొంబ బాగుండాది అన్నా. మాకు ఆ ఇల్లే కావాల."

"అయ్యో అప్పా!" అని కోకిల రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వరదరాజులు కలుపుతున్న అన్నం వదిలేసి తమ్ముడి వైపు తిరిగాడు.

"కొట్లాడేదానికి ఇల్లా?" అన్నాడు.

"అవునన్నా."

"మరి బస్సు?"

"కొంచెం ముందుగా అంగడి దిగుతాను. నువ్వే మూసుకో."

జన్మలో తమ్ముడు ఇట్లాంటి మాట అనలేదు. వరదరాజులు "సరి సరి, నీ ఇష్టం" అని తల వంచుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. హైమ మొగుడి ఆకులో నెయ్యి వడ్డించింది. చెయ్యి ఆగలేదు. అతను చాలు చాలంటున్నా వేస్తూనే ఉంది. ఆ క్షణాన ఆ మనిషి మీద ఆమెకు కలిగినంత ప్రేమ అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

మగవాళ్లు లేచి పోయి, కోకిల కూడా పక్కకు తప్పుకున్నాక, రాజలక్ష్మి వంటింట్లో గిన్నెలు సర్దుతున్న హైమ దగ్గరకు వచ్చి నిలబడింది.

"నిజంగానే ఎంత అరిచినా ఎవురికీ వినపడదా ఆడ?"

"వినపడదక్కా. ఒక మేక ఉంటాది, అంతే."

రాజలక్ష్మి తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. తుడిచినవే మళ్లీ తుడుచుకుంది. ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చింది హైమకన్నా పదేళ్లు ముందు.

"మీరు ఆడికి పోయినాక ఒక ఆదివారం నేనూ మీ బావగారూ వస్తాము. సాపాటు వద్దు, కాఫీ వద్దు. మీరు ముగ్గురూ ఒక గంటసేపు యాడికన్నా పోయి రాండి, అది చాలు."

హైమ గిన్నె కింద పెట్టేసి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఒక గంట యేం చాలుతుందక్కా," అంది లేని గొంతుతో. "మొదటి బస్సుకే వచ్చేయండి."