ఎర్రచుక్క లేని గంటన్నర

నేను ఒక వీడియో రికార్డర్‌ని. మిర్రర్‌లెస్ కెమెరా నెత్తిన కూర్చుని, అది చూసినదాన్ని ఒక తీగ గుండా అందుకుని నా డిస్కులో దాచేదాన్ని. మా కెమెరా అరగంట తీసి ఆగిపోయే రకం. నేను డిస్కు నిండేదాకా ఆగను. ఆ తేడాయే నా వెల.

ఎక్కడో సముద్రం అవతల తయారై, ఇద్దరి చేతులు మారి, జనగామలో పెళ్లి వీడియోలు తీసే శ్రీశైలం దగ్గరికి చేరాను. వస్తువు విలువ అక్కరకు వచ్చిన రోజున తేలుతుంది. నాకు అలాంటి రోజు ఒక్కటే వచ్చింది.

ఒగ్గు కథ చెప్పే ఐలయ్యకు గొంతులో పుండు. సోమవారం ఆపరేషన్. ఆ తర్వాత మాట ఉండదని డాక్టర్లు చెప్పేశారు. కురుమల దేవుడు బీరప్ప గురించి ఆయన చెప్పే కథ ఆయనతోనే పోతుందని ఊరంతా అనుకుంది. ఆదివారం పొద్దున్నే ఆయన కూతురు సుగుణ ఇంటిముందు టెంటు వేయించి శ్రీశైలాన్ని పిలిపించింది.

"ఒక్క ముక్క పోవద్దన్నా. మల్ల చెప్పిద్దామంటే గొంతుండదు."

"నీకెందుకు రంది? మీద కూసున్నది చూసినవా, ఇది ఆగే రకం కాదు," అన్నాడు శ్రీశైలం నన్ను తట్టి.

కెమెరా మీట నొక్కితే నేనూ మొదలయ్యేట్టు అతడు ఆ వారమే అమర్చుకున్నాడు. కానీ అవి ఏళ్ల తరబడి పెళ్లిళ్లలో రెండు మీటలూ నొక్కిన వేళ్లు. కెమెరా మీట నొక్కగానే రికార్డవుతోందన్న గుర్తుగా నా తెరమీద ఎర్రచుక్క వెలిగింది. అలవాటుగా నా మీటా నొక్కాడు. ఆ రెండో నొక్కుతో నేను ఆగిపోయాను, చుక్క ఆరిపోయింది. తెరమీద బొమ్మ మాత్రం కదులుతూనే ఉంది. కళ్లముందు కదులుతున్నదంతా దాచుకున్నట్టే అనుకోవడం మనుషుల గుణం.

ఐలయ్య రెండు గంటలు చెప్పాడు. చివరికి గొంతు జీరబోయి, తుడుచుకున్న తువ్వాలుకు నెత్తుటి చార అంటింది. శ్రీశైలం నా డిస్కు తెరిచి చూశాడు. ఏమీ లేదు. నేను లోకువగా చూసిన కెమెరాలో మొదటి అరగంట ఉంది.

"తప్పు నాదే తాతా," అన్నాడు తల ఎత్తకుండా.

ఐలయ్య కూతురి వైపు తిరిగి, గొంతు పెగల్చుకున్నాడు.

"అరగంట దొరికింది గదా. మిగిలింది నువ్వు చెప్పు బిడ్డా. ఇరవై ఏండ్ల సంది నా పక్కన తాళం కొడుతున్నవ్, రాదా నీకు?"

"ఆడిదాన్ని, నేను చెప్పుడేంది నాయినా? మనోళ్లు నవ్వరా?"

"నవ్వెటోళ్లకు కథ వస్తదా? అడుగు."

ఒగ్గు అనే ఆ చిన్న డమరుకాన్ని కూతురి చేతిలో పెట్టి, ఆమె తాళాలు తాను తీసుకున్నాడు. శ్రీశైలం ఈసారి కెమెరా మీట ఒక్కటే నొక్కాడు. కథ అయ్యేదాకా ఎర్రచుక్క మీంచి చూపు తిప్పలేదు.

ఇప్పుడతను కొత్త కెమెరా కొన్నాడు. దానికి నా అవసరం లేదు. పాత తీగల డబ్బాలో పడి ఉన్నాను. లెక్క చూసుకుంటే, ఆ పెద్దాయన గొంతులో గంటన్నర నా చేతుల్లోనే పోయింది. ఏ లాభంతోనూ అది పూడదు. నాలో నిలిచింది సుగుణ గొంతు. అందులో ఒకచోట ఆమె మాట మరిచి ఆగిపోతుంది. తాళం ఆగదు. ఆమె మళ్లీ అందుకునేదాకా ఆయన వాయిస్తూనే ఉంటాడు.