బీర్పూర్ దారిలో ట్రయల్

లస్మయ్య జీపు కొన్న ఐదు నెలల్లో జగిత్యాల షోరూమ్ మెట్లెక్కడం అది ఐదోసారి. మస్కట్‌లో ఏడేళ్లు సిమెంటు మోసి కొన్న బండి అది. రాయికల్ నుంచి బీర్పూర్ దాకా జనాన్ని ఎక్కించుకుని తిప్పుతాడు. బండి నిండి, ఎండ ముదిరి, దిగుడు వచ్చిందంటే బ్రేకు పెడల్ ఊరికే నేలకు దిగిపోతుంది. రెండు మూడుసార్లు కొడితే గాని పట్టదు. ఆ రెండు మూడు దెబ్బల నడుమే జనం ప్రాణాలన్నీ ఉంటాయి. పోయిన నెల మేకల మంద మీదికి పోయింది. మేకలు కాబట్టి సరిపోయింది.

షోరూమ్ పద్ధతి ఎప్పుడూ ఒకటే. మెకానిక్ ఖాళీ బండిని ఊరి నడుమ గడియారం టవర్ దాకా తిప్పి తెస్తాడు. బ్రేకు బాగానే పడుతోందంటాడు. సర్వీసు కార్డు మీద 'కంప్లైంట్ లేదు' అని రాసి సంతకం పెట్టమంటారు. పెడితేనే తాళం చేతికిస్తారు. ఖాళీ బండికి బ్రేకు పడుతుందని లస్మయ్యకూ తెలుసు. నిండు బండితో చూపిస్తానంటే కార్డు వెనక చిన్న అక్షరాలు చూపిస్తారు. అంతమందిని ఎక్కిస్తే వారంటీ ఉండదట.

షోరూమ్ యజమాని జగపతి రావు ఒకప్పుడు బీర్పూర్ దగ్గరి ఊరికి దొర. నక్సలైట్ అన్నలు అతని గడీ ముందు ఎర్రజెండా పాతిన ఏడాది ఊరు వదిలి జగిత్యాలలో ఈ ఏజెన్సీ పెట్టుకున్నాడు. మళ్లీ ఆ దారి తొక్కలేదు.

ఈసారి కంపెనీ ఇంజనీర్ వచ్చాడు. దేవదాస్ అని, హైదరాబాద్ మనిషి. బండి ఎక్కడ మొరాయిస్తుందో అక్కడే చూడాలన్నాడు. లస్మయ్య పొంగిపోయాడు. మరుక్షణం అతన్ని పైనుంచి కిందికి చూసి నీరుగారిపోయాడు. కురచ క్రాఫు, నల్ల బూట్లు, ప్యాంటులోకి దోపిన చొక్కా. అది తొంభైల మొదలు. ఆ దారిలో పోలీసులు మఫ్టీలో ప్రైవేటు జీపులెక్కి తిరుగుతున్న కాలం. ఖాళీగా పోయే కొత్త జీపు, ముందు సీట్లో ఇలాంటి మనిషి. చూసేవాళ్లకు ఇంకేం కావాలి? ఏ కల్వర్టు కింద ఏ మందుపాతర ఉందో ఎవరు చెప్పగలరు?

రాయికల్‌లో బండి ఆపి బీడీల గంపలతో ఉన్న ఆడవాళ్లను, సంతకు వచ్చి తిరిగిపోయేవాళ్లను ఎక్కించాడు. మొత్తం పదకొండు మంది. దేవదాస్ ఏదో అనబోయాడు.

"వీళ్లు లేకుంటె మనం మల్ల రాము సారూ. గంతే," అన్నాడు లస్మయ్య.

అడవి మొదలయ్యే మలుపులో గొంగళ్లు కప్పుకున్న ఇద్దరు చెయ్యెత్తారు. ఒకడి గొంగడి చంక కింద, లోపల తుపాకీ ఉన్నట్టు, నిటారుగా నిలబడి ఉంది. అతను బూట్లు చూశాడు. క్రాఫు చూశాడు. ఈయనెవరని అడిగాడు. కంపెనీ ఇంజనీరంటే ఎవడు నమ్ముతాడు? లస్మయ్య వెనక్కి తిరిగి ఆడవాళ్ల వంక చూశాడు.

వెనక గంపల మధ్య నుంచి కొమురవ్వ మాట్లాడింది. "మా బాలవ్వ పెద్దల్లుడు, కొడుకా. మస్కట్ల ఉంటడు. గీ ఎండల గా బూట్లేందయ్యా అంటె ఇనడు, నవాబు."

పక్కనున్న బాలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆడవాళ్లు నవ్వారు. గొంగడి మనిషి ఇంకోసారి బూట్లు చూసి పక్కకు జరిగాడు.

ఫర్లాంగు దాటాక దిగుడు. లస్మయ్య బ్రేకు తొక్కాడు. పెడల్ నేలకంటింది. ఒక దెబ్బ, రెండు, మూడు. పట్టలేదు. గేరు దించి, హ్యాండ్‌బ్రేకు లాగి, బండిని రోడ్డు పక్క కంకర కుప్పలోకి ఎక్కించాడు. గంపలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దేవదాస్ ఇంకా తన కాళ్ల కింది రేకును, అక్కడా బ్రేకు ఉన్నట్టు, తొక్కుతూనే ఉన్నాడు.

"బ్రేకు లేదు," అన్నాడు. మళ్లీ అదే అన్నాడు. కంపెనీ నోటితో ఆ మాట విన్నందుకు లస్మయ్యకు అంత భయంలోనూ కడుపు నిండింది.

బ్రేకు చల్లారి పట్టాక జనాన్ని బీర్పూర్‌లో దింపి, తిరుగు జనంతో మెల్లగా జగిత్యాల చేరారు. రెండు గ్లాసుల నీళ్లు తాగి, దేవదాస్ ఇంగ్లీషులో కాగితం రాశాడు. ఐదో తరగతితో బడి మానేసిన లస్మయ్యకు అందులో ఒక్క సంఖ్య తెలిసింది. పదకొండు. అదేమిటని అడిగితే, ఓవర్‌లోడ్ కాబట్టి వారంటీ వర్తించదని, బండిలో లోపం లేదని చెప్పాడు, తల ఎత్తకుండా.

"పదకొండు మందిని రాసినవు. మంచిగుంది. బాలవ్వ అల్లున్ని గూడ రాయి సారూ," అన్నాడు లస్మయ్య.

దేవదాస్ పెన్ను ఆగిపోయింది. అల్లుడేందని జగపతి రావు అడిగాడు. గొంగళ్ల సంగతి దేవదాస్ తన బూట్లను కుర్చీ కిందికి లాక్కుంటూ చెప్పాడు. వింటున్నకొద్దీ దొర కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఏమ్రా లస్మా, వాళ్లు నిన్నెరుగుదురా?"

ఎరుగుదురంటే ఒక చావు. ఎరగరంటే ఈయన నమ్మడు. లస్మయ్య మౌనాన్ని దొర తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు, వీడు వాళ్ల మనిషేనని. మెకానిక్‌ను పిలిచి, ఈ బండికి బ్రేకు సామానంతా కొత్తది వెయ్యమన్నాడు. పైసా అడగొద్దన్నాడు. తర్వాత ఒక చీటీ తీసుకుని జీపు నెంబరు, లస్మయ్య పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాసి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రాలు ఎస్సై అక్కడికి చాయ్ తాగడానికి వస్తాడని జగిత్యాలంతటికీ తెలుసు.

లస్మయ్య ఆ జేబు వంకే చూశాడు. లోపం లేని బండికి దొర కొత్త సామాను ఊరికే ఎందుకిచ్చాడు? రేపు స్టేషన్లో ఎస్సై అడిగేది అదే.

"దొరా, నాకు ఉత్తగ వద్దు. బ్రేకు చెడిపోయింది, గందుకే మార్చినమని కార్డు మీద రాసియ్యుండ్రి. గదొక్కటి సాలు."

దేవదాస్ జవాబిచ్చాడు. కంపెనీ అలా రాయదట. ఇది గుడ్‌విల్ కింద, మంచితనంగా ఇచ్చేదట. ఒక్కరికి రాసిస్తే రేపు జిల్లాలోని జీపులన్నీ ఇక్కడే లైను కడతాయట. ఆ మాట చెప్పేటప్పుడు అతను బూట్లు దాచుకోలేదు.

లస్మయ్య ఇంకోసారి బతిమాలాడు. బ్రేకు సామాను వేసి వచ్చిన మెకానిక్ కార్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు. 'కంప్లైంట్ లేదు.' తాళం దొర చేతి కింద ఉంది. లస్మయ్య సంతకం పెట్టాడు.

రాయికల్ దారిలో వెనక నుంచి ఒక జీపు వస్తుంటే బ్రేకు తొక్కాడు. మొదటి దెబ్బకే పట్టింది. బండి పక్కకు ఆపి, వెనక వచ్చేది ఎవరి జీపో తెలిసేదాకా అద్దంలో చూస్తూ కూర్చున్నాడు.